పదకొండో చొక్కా

మా జట్టులో బ్యాకుగా ఆడినాయన మా అమ్మకు పెదనాన్న కొడుకు. నాకు మామ. నాకే కాదు, జట్టులో అందరికీ ఆయన మామే. పేరు పెట్టి పిలిచిన ఆటగాణ్ణి నేను చూడలేదు. గోలుకు ముందు నిలబడి ఎదుటివాళ్లను ఆపడం ఆయన పని. ఆ పని ఇరవై ఏళ్లు చేశాడు. చివరికి ఆయన్ను ఆపినవాణ్ణి నేను. ఈ సంగతి రాయకుండా చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను. ఇప్పుడు మెట్లు చూస్తే నా మోకాళ్లు కూడా మూలుగుతున్నాయి కాబట్టి రాస్తున్నాను.

మాది జమ్మలమడుగు. పెన్నలో నీళ్లుండేది ఏడాదికి రెండు నెలలు, తక్కిన కాలమంతా ఇసుకే. ఆ ఇసుక పక్కన గట్టినేల మీద మేం ఫుట్‌బాలు ఆడేవాళ్లం. ఆట దొరల బడి నుంచి ఊళ్లోకి వచ్చింది. బడి ముఖం చూడని నేతగాళ్లు దాన్ని పట్టుకుని వదల్లేదు. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చునే మనిషికి సాయంత్రమయ్యేసరికి దేన్నైనా తన్నాలనిపిస్తుంది. షావుకారును తన్నలేం కాబట్టి చెండును తన్నేవాళ్లం.

మామ పరుగెత్తేవాడు కాదు. వయసులో ఉన్నప్పుడు కూడా పరుగెత్తలేదని మా నాన్న చెప్పేవాడు. చెండు ఎక్కడికి వస్తుందో అక్కడ ముందే ఉండేవాడు. నాకు పద్నాలుగేళ్లప్పుడు నన్ను ఇసుకలోకి తీసుకుపోయి ఆట నేర్పింది ఆయనే. "చెండును సూడొద్దురా అల్లుడూ, అది అబద్ధాలు చెప్తాది. వాని నడుము సూడు. నడుము యాడికి తిరిగితే వాడు ఆడికే పోతాడు" అనేవాడు. పోగు తెగబోతుంటే నేతగానికి ముందే తెలిసినట్టు, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ఆయనకు తెలిసేది. ఆట సాగినంతసేపూ వెనక నుంచి అరుస్తూనే ఉండేవాడు. కుడి పక్క ఖాళీ ఉందని, ఫలానావాడు నిద్రపోతున్నాడని, గోలు కాసేవాడు పంచె బిగించుకోవాలని. ఆ అరుపుల్లో తిట్లు కూడా ఉండేవి. ఆయన తిడితే మాకు ధైర్యంగా ఉండేది.

నేను కెప్టెన్ అయ్యేనాటికి ఆయనకు నలభై దాటాయి. గుంటలో కూర్చుని కూర్చుని మోకాళ్లు వాచేవి. ఆ ఏడు కడపలో షీల్డు కోసం కర్నూలు జట్టుతో ఆఖరి ఆట ఆడాం. వాళ్లలో ఒక ఎడమకాలి ఆటగాడు ఉన్నాడు, నల్లగా సన్నగా తాటాకులా ఉండేవాడు. వాడు రెండుసార్లు మామను దాటిపోయి, రెండుసార్లూ గోలు కొట్టాడు. వాడు ఎటు పోతాడో మామకు రెండుసార్లూ తెలుసు, అది నేను నా కళ్లతో చూశాను. తెలిసి కూడా కాళ్లు అందుకోలేదు. తిరిగి వస్తూ ముద్దనూరులో రైలు దిగి ఎద్దులబండి ఎక్కేటప్పుడు "తప్పు నాదే లేప్పా" అన్నాడాయన. ఎవరైనా కాదంటారేమోనని చూశాడనుకుంటాను. ఎవరమూ అనలేదు.

మరుసటి ఏటికి మళ్లీ కడప ఆట వచ్చింది. అప్పటికి యుద్ధం నడుస్తోంది. నూలు దొరకడం కష్టమై సగం మగ్గాలు మూలబడ్డాయి. ఇక్కడ మా నేతగాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మగ్గానికి ఎక్కించే నిలువు నూలును మేం పడుగంటాం. ఆ పడుగు షావుకారు ఇంటి నుంచి వస్తుంది. ఫలానా నేతగాడు ఇక వద్దనుకున్నప్పుడు షావుకారు ఆ మాట నోటితో చెప్పడు. పడుగు పంపడు, అంతే. నేతగాడు రెండు రోజులు చూస్తాడు, నాలుగు రోజులు చూస్తాడు, ఆ తర్వాత అర్థం చేసుకుంటాడు. మా ఊళ్లో నోరులేని వాళ్లెవరూ లేరు. చింతపండు మీదా వాదిస్తారు, చక్రవర్తి మీదా వాదిస్తారు. కానీ నీతో ఇక పనిలేదని మనిషి మొగం మీద చెప్పే మొనగాడు మాత్రం అక్కడ పుట్టలేదు. ఆ వేసవిలో మామకు పడుగు రావడం ఆగిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

జట్టులోనూ అలాంటి పద్ధతే ఒకటుండేది. పదకొండు నీలం చొక్కాలు, అన్నీ కెప్టెన్ ఇంట్లో ఉండేవి. ఆటకు రెండు రోజుల ముందు మా అమ్మ వాటిని చౌడుమట్టి పెట్టి ఉతికి దండెం మీద వేసేది. నేను మడతపెట్టి ఎవరి చొక్కా వాళ్లింటికి తీసుకుపోయి ఇచ్చేవాణ్ణి. ఆ ఇంటి ఆడవాళ్లు చొక్కా అందుకుని, వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదని బెల్లం ముక్క ఇచ్చేవాళ్లు. చొక్కా వచ్చిందంటే ఆడుతున్నట్టు. రాలేదంటే లేదన్నట్టు. పిలుపూ అదే, తీర్పూ అదే.

దర్జీ అంగట్లో కూర్చుని మామ సంగతి మాట్లాడాం. తపాలా ఆఫీసు గుమాస్తా మాకు సెక్రెటరీ. ఆయనకు ఆట రాదు, ఆట గురించి మాట్లాడటం మాత్రం బాగా వచ్చు. "మనిషి మంచోడే. మంచితనం గోలుకు అడ్డం పడుతుందా?" అన్నాడు. ఆయన దృష్టిలో దూదేకుల వాళ్ల అబ్బాయి ఒకడున్నాడు. ఇరవై ఏళ్లవాడు, పెన్న ఇసుకలో కుక్కను తరిమి పట్టుకోగలడు. వాణ్ణి బ్యాకులో పెట్టాలన్నాడు. ఆ అబ్బాయి అప్పుడక్కడ లేడు.

గోలు కాసేవాడు ఒప్పుకోలేదు. "నా ముందర ఆయన అరుస్తా ఉంటేనే నాకు కండ్లు కనపడతాయి. ఈ పిల్లోడు పరుగెత్తుతాడు సరే, యాడికి పరుగెత్తాలో వానికి ఎవరు చెప్తారు?" అన్నాడు. ఇంకొకడు, "ఓడ ఎక్కేదాకా ఓడమల్లన్న, దిగినాక బోడిమల్లన్న. మనకు ఆట నేర్పింది ఎవరప్పా?" అన్నాడు. దానికి ఇంకొకడు, నేర్పినాయన కాబట్టే ఆయన చేత ఇంకోసారి ఓడిపోయినామని అనిపించకూడదన్నాడు. అది కూడా ప్రేమతో అన్న మాటే. కొందరు అటు, కొందరు ఇటు అయి, అందరూ నా వైపు తిరిగారు.

నాకు షీల్డు కావాలి. దానికి ఇంకో పేరు పెట్టను. ఇరవై నాలుగేళ్ల వయసులో ఇంకేం కనపడలేదు. "అబ్బాయినే తీసుకుందాం" అన్నాను. మామకు ఎవరు చెప్తారని గోలు కాసేవాడు అడిగాడు. "చెప్పేదేముంది, చొక్కా పోదు. ఆయనకే తెలుస్తుంది" అన్నాను. ఎవరూ కాదనలేదు. షావుకారును రోజూ తిట్టుకునే నోళ్లే అన్నీ.

మరునాడు చొక్కాలు పంచడానికి బయలుదేరాను. దూదేకుల అబ్బాయి ఇల్లు మామ ఉండే వీధి దాటాక ఉంది. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే చొక్కా చేతపట్టుకుని ఎలా పోను? చీకటి పడ్డాక పోదాంలే అని ఆ ఒక్క చొక్కా దండెం మీదే వదిలి, తక్కిన ఇళ్లు తిరిగాను. అమ్మకు ఏమీ చెప్పలేదు. చెబితే ఊరుకోదని తెలుసు.

ఇంటికొచ్చేసరికి దండెం ఖాళీగా ఉంది. వంటింటి గూట్లో బెల్లం ముక్క ఉంది.

"మీ అత్త వచ్చింది. అల్లుడు మా వీధి మరిచిపోయినట్టుండాడు వదినా అనింది. చొక్కా తీసిచ్చినా. అంత మతిమరుపేందిరా నీకు?" అంది అమ్మ.

నాకు కోపం వచ్చింది. చేయాల్సిన పని చేయలేకపోయినవాడికి వచ్చే కోపం అది, ఎవరి మీదైనా పడుతుంది. ఎవరినడిగి ఇచ్చావని అరిచాను. అమ్మ నా మొగం చూసి సంగతంతా కనిపెట్టింది. పొయ్యి ముందు కూర్చుని, "నీకు అంత కావాలంటే నువ్వే పొయ్యి అడుగు. నేనైతే మా అన్న ఇంటికి ఆ పని మీద పోను" అంది.

ఇంకో నీలం చొక్కా కుట్టించలేమా అంటే, దర్జీ పూటలో కుట్టేవాడు. నూలు కరువైనా నేతగాళ్ల ఊళ్లో ఒక చొక్కాకు గుడ్డ దొరక్కపోదు. కానీ ఆడేది పదకొండు మందే. పన్నెండో చొక్కా ఉన్నా పన్నెండోవాడికి చోటు లేదు.

పొద్దున్నే మామ ఇంటికి పోయాను, అడగడానికే. ఆయన ఖాళీ మగ్గం అంచున కూర్చుని ఉన్నాడు. వెచ్చజేసిన ఆముదపాకులు మోకాళ్లకు వేసి గుడ్డపేలికలతో కట్టుకుంటున్నాడు. చొక్కా మడత చెడకుండా నేసిన గుడ్డ చుట్టే మగ్గం దోనె మీద ఉంది.

"రా అల్లుడూ. కర్నూలోళ్లలో ఆ ఎడమకాలోడు ఈసారి వస్తాండాడా?"

"వస్తాండాడంట మామా."

"రానీలే. పోయినసారి వాన్ని దగ్గరికి రానిచ్చినా, అదే తప్పు. ఈసారి రెండడుగులు ఎనక్కుండి కాస్తా. వాడు నడుము కుడికి తిప్పి ఎడమకు పోతాడు. శానా మోసగాడు." లేచి నిలబడి ఆ నడుము తిప్పడం చూపించాడు. తిరిగి కూర్చునేటప్పుడు మగ్గం పట్టె పట్టుకున్నాడు. అత్త లోపలి నుంచి మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. ఆ మజ్జిగ తాగి, "బండి రేపు తెల్లవారేసరికి కదులుతాది మామా" అని చెప్పి వచ్చేశాను.

సెక్రెటరీ తల కొట్టుకున్నాడు. పాము చావకుండా కర్ర విరగకుండా నేనొక ఉపాయం చెప్పాను. ఇద్దరినీ కడపకు తీసుకుపోదాం, అక్కడ చూసుకుందాం అన్నాను. అక్కడ చూసుకునేది ఏమీ లేదు. ఒక రోజు వాయిదా వేశాను, అంతే. ఆ అబ్బాయికి మాత్రం నువ్వే ఆడతావని చెప్పాం. వాడు మామకు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాం.

ముద్దనూరులో రైలెక్కాం. మామ చొక్కా వేసుకునే వచ్చాడు. తక్కినవాళ్లం గుడ్డసంచుల్లో పెట్టుకున్నాం. ఎర్రగుంట్ల దాటాక అత్త కట్టిచ్చిన జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి మూట విప్పి అందరికీ పెట్టాడు. దూదేకుల అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఎడమకాలివాడి సంగతంతా చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు అడుగు వేయాలి, ఎప్పుడు వేయకూడదు. అబ్బాయి తల వంచుకుని విన్నాడు. మధ్యలో ఒకసారి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నాను. కమలాపురం వచ్చేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. కాబోయే ఆటగాడికి పాఠం చెబుతున్నాడులే అనుకున్నాను అప్పుడు.

కడప మైదానం ఎర్రమట్టి. మధ్యాహ్నం ఎండకు కాళ్లు చుర్రుమనేవి. చుట్టూ జనం ఉన్నారు. కర్నూలు వాళ్లు అప్పటికే లోపల నిలబడి ఉన్నారు. రెఫరీ చేయి ఊపి పిలిచాడు. సెక్రెటరీ నన్ను చూశాడు. ముందు రోజు నుంచి ఆ మాట ఎలా అనాలా అని కూడబలుక్కుంటున్నాను. నీ మోకాళ్లు బాగలేవు కదా మామా అని మొదలుపెట్టాలనుకున్నాను, ఈ ఒక్క ఆటకే అని కలపాలనుకున్నాను. తీరా దగ్గరికి పోయాక అవేవీ గుర్తుకు రాలేదు.

"మామా, చొక్కా ఇయ్యి" అన్నాను. ఇంటికొచ్చి చెంబు ఇయ్యమన్నంత తేలిగ్గా వచ్చింది మాట.

ఆయన నన్ను చూశాడు. అర్థం కానట్టు చూడలేదు. ఆ మాట అన్నది నేనేనా అన్నట్టు చూశాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి చొక్కా తలమీదుగా తీశాడు. లోపల బనీను లేదు. రొమ్ము మీద వెంట్రుకలు తెల్లబడి ఉన్నాయి, పక్కటెముకలు కనపడుతున్నాయి. జనంలో ఎవడో నవ్వాడు. వాణ్ణి అప్పుడే పోయి కొట్టాలనిపించింది. కొట్టాల్సింది వాణ్ణి కాదని కూడా తెలుసు.

అబ్బాయి చొక్కా అందుకోలేదు. "నేను ఏసుకోను మామా. నీకు తెలుసని చెప్పినారు నాకు" అన్నాడు.

"ఏసుకోరా. అందరూ ఎండలో నిలబడుకోనుండారు" అన్నాడు మామ. తనే వాడి తలలోంచి చొక్కా దించి, కింద సరిచేసి, వీపు తట్టి లోపలికి పంపాడు. తన తువ్వాలు భుజాన వేసుకుని గీత బయటికి పోయి నిలబడ్డాడు.

మేం గెలిచాం. ఒక్క గోలుతో. దూదేకుల అబ్బాయి ఎడమకాలివాణ్ణి ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. రెండడుగులు వెనక్కుండి కాశాడు, రైల్లో విన్నది విన్నట్టు. మామ ఆడి ఉంటే ఓడిపోయేవాళ్లమని ఈనాటికీ అనుకుంటాను. సెక్రెటరీ చెప్పింది నిజమే, నేను తీసుకున్నది సరైన నిర్ణయమే. సరైన పనిని ఇంత నీచంగా చేయవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఆట మొదలైన కాసేపు గీత బయటి నుంచి ఆయన అరుపులు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి. సగం ఆటప్పుడు చూస్తే కుండల దగ్గర గొంతుక్కూర్చుని అందరికీ నీళ్లు పోస్తున్నాడు. నాకూ పోశాడు. దోసిలి పట్టి తాగాను. "గాలి ఎదురుండాది. చెండు పైకి లేపొద్దండి" అన్నాడు. నేల మీద ఆడాం. గోలు అలాగే వచ్చింది. జట్టులో కొందరు ఏడ్చారు, సంతోషంతోనని అనుకున్నారు జనం. తిరుగు రైల్లో షీల్డు ఎవరో మామ ఒళ్లో పెట్టారు. ముద్దనూరు దాకా పడిపోకుండా పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత ఆయన మైదానానికి రాలేదు. నాతో మాట్లాడటం మానలేదు. వీధిలో కనపడితే "ఏమ్రా అల్లుడూ, అమ్మ బాగుండాదా" అనేవాడు. ఆట ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఒకసారి క్షమించమని అడుగుదామని పోయి, వానల గురించి మాట్లాడి వచ్చేశాను. పడుగు మళ్లీ రాలేదు. వేరేవాళ్ల మగ్గాలకు నూలు కండెలు చుట్టిపెట్టి పొద్దు పుచ్చాడు. స్వరాజ్యం రావడానికి ముందటి వేసవిలో జ్వరం వచ్చి వారం రోజులు మంచం మీదుండి పోయాడు. పాడె మోసిన నలుగురిలో దూదేకుల అబ్బాయి ఒకడు.

దినాలు అయిపోయాక ఒక సాయంత్రం అత్తను చూడటానికి పోయాను. మగ్గం విప్పి గోడకు ఆనించి ఉంది, గుంట పూడ్చేశారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ఇన్నేళ్ల సంగతి నేనే ఎత్తాను. ఆ రోజు అమ్మ పొరపాటున చొక్కా ఇచ్చేసింది, దాంతోనే అంతా వచ్చింది అన్నాను. పొరపాటు అమ్మ మీదికి నెట్టాను చూడండి, అప్పటికి కూడా.

"పొరపాటు కాదబ్బీ" అంది అత్త. "నేనుగా రాల్యా. ఆయనే పంపించినాడు. మీరు అంగట్లో మాట్లాడుకునింది ఆ పొద్దే తెలిసింది ఆయనకు."

"తెలిసీ ఎందుకు పంపించినాడత్తా?"

అత్త చెంగుతో మొగం తుడుచుకుంది. నన్ను నిష్ఠూరంగా చూడలేదు.

"నేనూ అదే అడిగినా. 'చొక్కా ఇంట్లోకి వస్తే చాలు. వాడు నా చేతిలో పెరిగినోడు. తిరిగియ్యమనే మాట వాని నోట రాదు' అన్యాడు."